కామెర్లు కాదు

గురువారం, ఉదయం ఆరున్నర

నా పిడుగుకి,

ముద్రమ్మ ఆశీస్సులు. నా వెనకాల నన్ను ఆ పేరుతో పిలుస్తావని నాకు తెలియదనుకోకు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్ఫైమూడేళ్ళు బజార్లన్నీ తిరిగి తక్కెళ్ళకీ రాళ్ళకీ ముద్రలు వేసినదాన్ని. ఆ పేరు దుకాణాలవాళ్ళు పెట్టింది. నువ్వు ఊరికే ఎత్తుకొచ్చావు.

ఈ ఉత్తరం మీ నాన్న రాయమంటే రాస్తున్నాను. కాకపోతే వాడు రాయమన్నది ఒకటి, నేను రాస్తున్నది ఇంకొకటి.

నిన్న సాయంత్రం కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టాడు. "అమ్మా, దాని సెలవు ఈ నెలాఖరుతో సరి. ఒకటో తారీఖున డ్యూటీలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నేను ఫోన్ చేస్తే ఎత్తదు. నీ మాటైతే జవదాటదు. నాలుగు ముక్కలు గట్టిగా రాసి పడెయ్" అన్నాడు.

"ఏమని రాయమంటావురా?"

"కొత్తగా ఆలోచించేదేముంది? నువ్వెప్పుడూ మాట్లాడినట్టే రాయి."

ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నేనెప్పుడూ ఎలా మాట్లాడతానో మన ఇద్దరికీ తెలుసు కదా. మూడు నెలల కిందట నువ్వు వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నావు. ఆసుపత్రిలో నువ్వు పిల్లలకి చెవుల పరీక్ష చేసే ఆ చప్పుడు చొరబడని గదిలో, పరీక్ష అయిపోయి పిల్లాడూ వాళ్ళమ్మా వెళ్ళిపోయాక కూడా రెండు గంటలు అలాగే ఉండిపోయానన్నావు. ఎందుకో తెలియదన్నావు. లేద్దామంటే కాళ్ళు నీవి కానట్టు ఉన్నాయన్నావు. డాక్టరుకి చూపించుకున్నానన్నావు. నేను చదువుతున్న పేపరు మడవకుండానే, "బద్ధకానికి కూడా ఈ కాలంలో డాక్టర్లున్నారన్నమాట. లేచి మొహం కడుక్కో, అదే పోతుంది" అన్నాను. నువ్వు నిజంగానే లేచి మొహం కడుక్కున్నావు. మర్నాడు సంచీ సర్దుకుని నీ స్నేహితురాలి గదికి వెళ్ళిపోయావు. డిప్రెషన్ అని డాక్టరు రాసిచ్చిన కాగితం మీ అమ్మకి మాత్రమే చూపించావని తరవాత తెలిసింది.

నిన్న మీ నాన్నని అడిగాను, ఆసుపత్రికిచ్చిన సెలవు చీటీలో జబ్బు పేరు ఏం రాశావురా అని. "కామెర్లు" అన్నాడు.

"కామెర్లా? ఎవరికి?"

"ఏదో ఒకటి రాయాలిగా అమ్మా. తెలిసిన డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. మనసు బాగాలేదని రాస్తే రేపు దానికి ఎవడు ఉద్యోగం ఇస్తాడు? దాని చేతికి పసిపిల్లల్ని ఎవరు అప్పగిస్తారు?"

నేను కలం మూత పెట్టేశాను. రాయనన్నాను. వాడు నా మొహంలోకి వింతగా చూశాడు. ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడమంటే నేను కాదన్నది అదే మొదటిసారి.

కామెర్లు అన్న మాట ఈ ఇంట్లో ఒక ఆడదాని సెలవు చీటీ మీదికి ఎక్కడం ఇది రెండోసారి. మొదటిసారి సంగతి మీ నాన్నకి తెలియదు, నీకూ తెలియదు. అది రాయడానికి నాకు ఇంకో మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఒకటే చెబుతున్నాను. ఒకటో తారీఖున చేరమని నేను రాయను. ఎవరు రాయమన్నా రాయను.

నీ ముద్రమ్మ


ఆదివారం, పదకొండూ పది

నా పిడుగుకి,

టైము ఎందుకు వేశానంటే, రోజూ పది నుంచి పదకొండు దాకా నేను తలుపు వేసుకుని కూర్చుంటున్నాను. ఇవాళ్టిది అయ్యాక రాస్తున్నాను.

ఇది ఎలా మొదలైందో చెబితే నవ్వుతావు. నువ్వు వెళ్ళిపోయాక నాకు పశ్చాత్తాపం రాలేదు, కోపం వచ్చింది. అంత మాట నేనేమన్నానని? నాది తప్పు లేదని రుజువు చేద్దామని ఒక పుస్తకం పెట్టాను. రోజంతా నేను ఎవరిని కసిరినా అందులో రాయడం. ఏ టైముకి, ఎవరిని, ఏమన్నాను, వాళ్ళు చేసిన తప్పేమిటి. పందొమ్మిది రోజులు రాశాను. నూటపన్నెండు కసుర్లు తేలాయి. మీ అమ్మవి అరవైనాలుగు. పేపరు వేసేవాడివి తొమ్మిది. పిల్లికి కూడా మూడున్నాయి. చివరి గడిలో, అంటే వాళ్ళ తప్పేమిటి అన్నచోట, ఎనభైఏడు ఖాళీలు! మీ అమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది, నేను కసిరాను. ఎందుకు? గ్లాసు బల్ల మీద కాక నెత్తిన పెడతారా?

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. కంసాలి కొట్లలో ఆ గింజలతో తూస్తుంటే పట్టుకుని కేసులు రాసినదాన్ని నేను!

మా పనిలో మొట్టమొదట నేర్పేది ఒకటుంది. తక్కెడ మీద ఏ రాయీ పెట్టకముందు, ఖాళీ పళ్ళేలతో ముల్లు ఎక్కడుందో చూడాలి. సున్నా దగ్గర లేకపోతే ఆ తక్కెడ ఆ తరవాత చెప్పేదంతా అబద్ధమే. ఎనభైఏడు ఖాళీ గడులు చూసుకున్నాక నాకు అర్థమైంది, ఏమీ పెట్టకుండానే నా ముల్లు ఒకవైపుకి వాలి ఉందని. అయితే ఆ పళ్ళెంలో ఏముందో చూడాలి కదా. అందుకని తలుపేసుకుని కూర్చున్నాను. పేపరు లేదు, జపమాల లేదు, రేడియో లేదు.

మొదటి వారం ఏమీ కనిపించలేదు, నడుం నొప్పి తప్ప. మూడోరోజు మీ అమ్మ తలుపు తట్టి "అత్తయ్యా, బాగానే ఉన్నారా?" అంది. "లెక్క తేలేదాకా పోనులే" అన్నాను. పక్కింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు గోడ మీంచి తొంగి చూసి, "కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టండమ్మా" అని ఉచిత సలహా ఇచ్చాడు. "కళ్ళు మూసుకుని నేను ఏ తక్కెడా చూడలేదు మాస్టారూ" అన్నాను. మీ నాన్నకైతే భయం పట్టుకుంది. ఒంటరిగా గదిలో గంటసేపు ఏంచేస్తోందో, మతి తప్పుతోందేమోనని గడియ పీకించేస్తానన్నాడు. పీకిస్తే కుర్చీ అడ్డం పెట్టుకుంటానన్నాను.

పదకొండో రోజున ఒక గోడ కనిపించింది. పెచ్చులూడిన గోడ, కింద చెమ్మ. మా అత్తగారింట్లో వెనకగది. దాంతోపాటు రవిక మీద పులిసిన పాల వాసన వచ్చింది. నలభైతొమ్మిదేళ్ళ కిందటి వాసన.

మీ నాన్న పుట్టిన పదిరోజులకి నేను ఆ గదిలో పడుకున్నాను. నాలుగు నెలలు లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. పక్కన పసివాడు ఏడుస్తుంటే వినపడేది. ఎవరి పిల్లాడో ఏడుస్తున్నాడు, ఎవరూ ఎత్తుకోరేం అనుకునేదాన్ని. పాలకి మా అత్తగారు తెచ్చి ఒళ్ళో పడుకోబెడితే గోడవైపు చూస్తూ ఉండేదాన్ని. ఆవిడ చెడ్డది కాదు. ఎవరికీ తెలియనివ్వకుండా కాపాడాననుకుంది. నా ఆఫీసుకి కామెర్లని చెప్పించింది, చుట్టాలకి కామెర్లంది, చివరికి నాకు కూడా కామెర్లనే చెప్పింది. నేను నమ్మాను. నమ్మితే హాయిగా ఉంటుంది కదా. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, నాకు ఆ నాలుగు నెలలూ ఏ రంగూ కనిపించలేదు.

అయిదో నెలలో డ్యూటీకి వెళ్ళాను. ఆ రోజునుంచి నేను ఒక్క నిమిషం ఖాళీగా కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ ఆ గోడ వస్తుందని భయం. ఎవరైనా కూర్చుని ఉంటే చూడలేకపోయేదాన్ని. ఎవరైనా పొద్దెక్కినా లేవకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. నాకు క్రమశిక్షణ ఎక్కువని ఊరంతా మెచ్చుకుంది, సన్మానం కూడా చేశారు. అది క్రమశిక్షణ కాదే పిడుగా, పిరికితనం. నువ్వు నా మంచం పట్టె మీద కూర్చుని "కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి" అన్నప్పుడు నేను నీకు జవాబు చెప్పలేదు. ఆ వెనకగదిలో పడుకున్నదాన్ని కసిరాను.

దీనికి క్షమించమని నేను అడగను. అడిగితే నువ్వు "ఫరవాలేదులే నాయనమ్మా" అంటావు. ఫరవా ఉంది. నువ్వు అలా అనకూడదు.

ఈ ఉత్తరంతోపాటు ఒక పుస్తకం పంపుతున్నాను. నేనే గళ్ళు గీశాను. లేచిన టైము, పడుకున్న టైము, మనసు ఎలా ఉంది, ఎందువల్ల. ప్రతి ఆదివారం నింపి పంపు. నాకు పనికొచ్చింది, నీకూ పనికొస్తుంది.

నీ ముద్రమ్మ


సోమవారం, మధ్యాహ్నం రెండున్నర

నా పిడుగుకి,

పుస్తకం తిరిగొచ్చింది. ఒక్క గడీ నింపలేదు. పైన అంటించిన చీటీ చదివాను: "నాయనమ్మా, నీ ఉత్తరం ఇప్పటికి ఆరుసార్లు చదువుకున్నాను. ఇది మాత్రం తనిఖీ. నాకొద్దు."

రెండు రోజులు నీమీద మండిపడ్డాను. దీనికోసమేనా కూర్చుని స్కేలు పెట్టి గీసింది అని. మూడోరోజు ఉదయం నా గంటలో కూర్చుంటే, నువ్వు చిన్నప్పుడు బొమ్మలేసిన కాగితం తెచ్చి చూపిస్తే నేను పెన్సిల్‌తో గీతలు సరిదిద్దిన సంగతి గుర్తొచ్చింది. సరే. నా తక్కెడ నేను చూసుకున్నాను కదా అని మళ్ళీ బజారుమీద పడ్డాను, అంతే. ఆ పుస్తకంలో ఇప్పుడు చాకలి పద్దు రాస్తున్నాను. నీ మనసు ఎలా ఉందో నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు, లేకపోతే లేదు. ఆదివారాల గొడవ రద్దు.

అదే కవర్లో నువ్వు పెట్టిన రెండో కాగితం గురించి ఇక. ఇంకో మూడు నెలలు సెలవు కావాలని, జబ్బు పేరు డిప్రెషన్ అని నీ చేత్తో రాసి, డాక్టరు కాగితం జతచేసి, "నాన్న చేతికి ఇవ్వొద్దు. నువ్వే ఇవ్వు. అడిగితే దాచకు" అన్నావు. ఎక్కడా కొట్టివేతల్లేవు, గమనించాను.

నిన్న ఆదివారం మీ విభాగం పెద్ద డాక్టరుగారిని మీ నాన్న టీకి పిలిచాడు. కొత్త కప్పులు తీయించాడు. నన్ను కూడా మంచి చీర కట్టుకుని వచ్చి ముందుగదిలో కూర్చోమన్నాడు. పెద్దావిడ ఉంటే మాటకి బరువట.

"కామెర్లు పూర్తిగా తగ్గిపోయాయండీ. ఒకటో తారీఖున వచ్చేస్తుంది" అని మొదలుపెట్టాడు. ఆయన "మంచిది, మంచిది. మనిషి లేక పరీక్షలన్నీ వెనకబడ్డాయి" అన్నాడు. ఇద్దరూ నావైపు చూశారు, నేను తలూపుతానని.

"కామెర్లు కాదండీ" అన్నాను. "దానికి డిప్రెషన్. వైద్యం జరుగుతోంది. ఇంకో మూడు నెలలు సెలవు అడిగింది, ఇదిగో కాగితం."

మీ అమ్మ చేతిలో ట్రే అలాగే ఆగిపోయింది. మీ నాన్న నవ్వబోయి, "అమ్మకి ఈమధ్య కొంచెం మరుపు..." అన్నాడు.

"మరుపు కాదురా, ఇప్పుడే గుర్తొస్తోంది. నాకూ కామెర్లు కాదు. నువ్వు పుట్టాక నాలుగు నెలలు పడుకున్నానే, అది కూడా ఇదే. మీ నాయనమ్మ కామెర్లంది. ఈ ఇంట్లో ఒకే అబద్ధాన్ని రెండుసార్లు వాడనివ్వను."

పెద్ద డాక్టరుగారు మెల్లిగా కప్పు కింద పెట్టి, "ఇంట్లో కాగితాలు తీసుకోనమ్మా. ముందు పెట్టిన సర్టిఫికెట్ తప్పని, దాన్ని తెచ్చినవాళ్ళే వచ్చి రాసిచ్చి వెనక్కి తీసుకోవాలి. ఒకటో తారీఖు లోపల. అప్పుడు ఇది చూస్తాను. మాట ఇవ్వలేను గానీ చూస్తాను" అన్నాడు. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, నాకు మాత్రమే వినపడేట్టు, "మా అక్కయ్యకి టైఫాయిడ్ అనేవాళ్ళండీ" అని చెప్పులేసుకున్నాడు.

ఆయన వెళ్ళాక మీ నాన్న ఒక్కటే అడిగాడు: "అయితే అదంతా నేను పుట్టినందుకా?" నేను నోరు తెరిచేలోగా లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాతో మాటల్లేవు. మీ అమ్మ చేత "మీ అత్తగారిని మందులు వేసుకోమను" అని చెప్పిస్తున్నాడు. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను.

వాడు రాసివ్వకపోతే నీ కాగితం చెల్లదు. అయినా నేను అన్నది వెనక్కి తీసుకోను.

నీ ముద్రమ్మ


ముప్ఫయ్యో తారీఖు, ఉదయం ఆరు

మా అబ్బాయికి,

పక్కగదిలో ఉన్నవాడికి ఉత్తరం రాస్తున్నందుకు నవ్వుకో. ఎదురుగా ఉంటే నువ్వు లేచి వెళ్ళిపోతావు, నేను గట్టిగా మాట్లాడేస్తాను. కాగితం మీద ఇద్దరం కాస్త కుదురుగా ఉంటాం.

నువ్వు అడిగినదానికి జవాబు. నువ్వు పుట్టినందుకు కాదు. నువ్వు పుట్టాక వచ్చింది. ఆ రెండింటికీ తేడా నాకు నలభైతొమ్మిదేళ్ళు తెలియలేదు, అందుకని నీకు చెప్పేవాళ్ళు లేకపోయారు. నిన్ను చూసినప్పుడల్లా ఆ గది గుర్తొచ్చేది. గుర్తు రాకుండా ఉండాలని నీ గుండీలు సరిచేసేదాన్ని, నీ మార్కులు చూసేదాన్ని, నీ చేతిరాత దిద్దేదాన్ని. ముద్దు చేయడానికి మాత్రం చేయి వచ్చేది కాదు. నువ్వు ఎప్పుడైనా పొద్దెక్కి లేస్తే నిన్ను కొట్టాను. ఎన్నిసార్లో లెక్క లేదు. నేను లెక్క పెట్టనిది అదొక్కటే.

నీ కూతురికి పేజీల కొద్దీ రాశాను. అది సులువు, అది దూరంగా ఉంది. రాయాల్సింది ముందు నీకు. ఆ నాలుగు నెలలూ నిన్ను ఎత్తుకున్నది మీ నాయనమ్మ. స్నానం ఆవిడే, జోల ఆవిడే. అయిదో నెలలో నువ్వు నా వేలు పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నేను లేచాను. మందులు లేవు, డాక్టరు లేడు. నువ్వు వదల్లేదు, అందుకని లేచాను. అంతకన్నా నాకేమీ తెలియదు.

నువ్వు కూతుర్ని కాపాడుతున్నాననుకుంటున్నావు. మీ నాయనమ్మా నన్ను అలాగే కాపాడింది. కాపాడిన ఫలితం ఎదురుగా ఉన్నాను కదా, చూసుకో. నాలాంటిది ఈ ఇంట్లో ఇంకొకటి కావాలా?

ఇవాళే ఆఖరి రోజు. ఏడూ నలభై బస్సుకి నేను ఆసుపత్రికి వెళుతున్నాను. నువ్వు వస్తే ఆ సర్టిఫికెట్ తప్పని నువ్వు రాసిస్తావు. రాకపోతే, అది నా కొడుకు ఇచ్చిన అబద్ధమని నేను రాసి సంతకం పెడతాను. చెల్లదంటే చెల్లేదాకా ఆ వరండాలో కూర్చుంటాను. నాకు ఖాళీగా కూర్చోవడం ఈమధ్యనే వచ్చింది.

మీ అమ్మ


అదే రోజు, సాయంత్రం

నా పిడుగుకి,

నీ కాగితం అందింది. అందినట్టు వాళ్ళు ముద్ర వేసి ఇచ్చిన నకలు దీంతో పంపుతున్నాను, జాగ్రత్త. సెలవు ఇస్తారో లేదో వారంలో చెబుతారట. ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ అని నేను అనను, పోయేది నీది గనక. నువ్వు ఏమంటే అది.

మీ నాన్న వచ్చాడు. స్టాపులో నాకు పదడుగుల దూరంలో నిలబడ్డాడు, ఎవరో తెలియనివాడిలా. బస్సు రాగానే ఎక్కి నాకు కిటికీ సీటు పట్టాడు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర గుమాస్తా కాగితం అటూఇటూ తిప్పి, వెనక పదిమంది నిలబడి ఉండగా, "కామెర్లు కొట్టేసి ఏం రాయమంటారు సార్?" అని కేకేశాడు. మీ నాన్న నావైపు చూడలేదు. "డిప్రెషన్. రాయండి. మొదటిది నేను పెట్టిందే, అబద్ధం" అన్నాడు. గొంతు తగ్గించలేదు. సంతకం మాత్రం రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది, మొదటిది గీత దాటిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్నాడు. సగం దూరం వచ్చాక, బయటికి చూస్తూనే, "అమ్మా, నాకెప్పుడైనా అలా వచ్చి ఉంటే నీకు తెలిసేదా?" అన్నాడు.

అబద్ధం చెప్పి ఉండొచ్చు. "తెలిసేది కాదురా" అన్నాను.

"వచ్చింది" అన్నాడు.

ఎప్పుడని అడగలేదు. ఎందుకు చెప్పలేదని అసలే అడగలేదు. నేను కూడా బయటికే చూస్తూ కూర్చున్నాను, వాడు చెప్పుకుపోయాడు. కండక్టరు మా స్టాపు పేరు రెండుసార్లు అరిచాడు. ఇద్దరికీ వినపడింది. ఇద్దరం దిగలేదు.

మీ నాయనమ్మ